పైసా ఖర్చులేని బొమ్మల బడి

యానిమేషన్ అంటే లక్షల ఫీజులు, ఖరీదైన సాఫ్ట్‌వేర్లు అనుకునే రోజులు పోయాయి. ఆస్కార్ గెలిచిన సినిమాకు వాడిన సాఫ్ట్‌వేర్‌నే ఇవాళ ఏ సర్కారు బడి అయినా ఉచితంగా తెచ్చుకోవచ్చు. కేరళ ఆ పని ఎప్పుడో మొదలుపెట్టింది. మరి మన పిల్లల మాటేమిటి?

నూట ఇరవై సెంటీమీటర్ల ఎత్తు నుంచి బంతిని వదిలితే అది నేలను తాకడానికి సుమారు అర సెకను పడుతుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. అంటే ఆ అర సెకనుకు 12 బొమ్మలు కావాలి. ఇక్కడిదాకా ఎవరికైనా అర్థమవుతుంది. ఆ 12 బొమ్మల్లో బంతి ఎక్కడెక్కడ ఉండాలని అడిగితేనే అసలు పాఠం మొదలవుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లల్లో చాలామంది బంతిని సమాన దూరాల్లో పేర్చుకుంటూ పోతారు. ప్లే నొక్కి చూస్తే బంతి పడదు, లిఫ్టులో దిగినట్టు దిగుతుంది. ‘ఎక్కడో తేడాగా ఉంది సార్’ అంటారు. ఆ తేడా ఏమిటో వాళ్లంతట వాళ్లే పట్టుకునేదాకా గురువు ఓపిక పట్టాలి.

మొదటి మూడు ఫ్రేముల్లో బంతి ఏడున్నర సెంటీమీటర్లే దిగాలి. తర్వాతి మూడింట్లో 22.5, ఆపైన 37.5, చివరి మూడింట్లో 52.5 సెంటీమీటర్లు. ఒకటికి మూడు, అయిదు, ఏడు. పదిహేడో శతాబ్దంలో గెలీలియో వాలు పలక మీద గుండ్లు దొర్లించి తేల్చిన లెక్క ఇది. భౌతికశాస్త్రం పుస్తకంలో ఇదే సంగతి ఒక సూత్రంగా ఉంటుంది. పిల్లలు బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, సెలవులివ్వగానే మర్చిపోతారు. తన చేత్తో బంతిని సర్ది, తెర మీద అది దభీమని పడటం చూసిన పిల్ల మాత్రం గురుత్వాకర్షణను ఇక మర్చిపోదు.

యానిమేషన్‌ను బడిలో నేర్పండని అడగడానికి ఈ ఒక్క పాఠం చాలు. నడిచే మనిషి బరువు ఏ క్షణాన ఏ కాలి మీద ఉంటుంది, బిందె ఎత్తుకున్నప్పుడు నడుము ఎటు వంగుతుంది, పిట్ట ఎగిరే ముందు ఎందుకు ఒక్కసారి కిందికి ముడుచుకుంటుంది... రోజూ కళ్లముందు జరిగేవాటిని నిజంగా చూడటం ఈ చదువుతో అలవడుతుంది. దీనికి కావలసినవి రెండే. ఒక మోస్తరు కంప్యూటరు, ఒక సాఫ్ట్‌వేరు. ఆ సాఫ్ట్‌వేరు పిల్లలకు సొంతమై ఉండాలి, కోర్సు అయిపోయాక వదిలేసి వెళ్లేది కాకూడదు. ఈ కథనంలో చెప్పదలచుకున్నదంతా ఆ చివరి మాట చుట్టూనే.

క్రాక్ కాపీల చదువు

యానిమేషన్ నేర్పుతామనే బోర్డులు మన పట్టణాలకు కొత్త కాదు. చాలాచోట్ల కోర్సు పేరు యానిమేషన్, నేర్పేది మెనూలు. ఏ బటన్ ఎక్కడుందో చెప్పి, ఆర్నెల్ల తర్వాత సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేస్తారు. పెద్ద స్టూడియోలు వాడే మాయా వంటి సాఫ్ట్‌వేర్‌కు ఏడాది చందా వెయ్యి డాలర్లకు పైమాటే. నెల జీతం మీద బతికే ఇంట్లో అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే క్రాక్ కాపీలు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు, వైరస్ కూడా దాంతోపాటే వస్తుంది. ఇంతకంటే బాధ కలిగించేది ఇంకొకటుంది. కళ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లవాడికి మొదటి రోజే దొంగ తాళం వాడటం నేర్పుతున్నాం.

విద్యార్థులకు కంపెనీలు ఉచితంగా లైసెన్సు ఇస్తున్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. ఇస్తున్నాయి, నిజమే. ఆ ఉచితం చదువుకున్నన్నాళ్లే. దాంతో చేసిన పనిని అమ్ముకునే వీలు లేదు. చదువు అయిపోయిన రోజునే, అంటే సొంతంగా పని వెతుక్కోవాల్సిన రోజునే, పనిముట్టు చేతిలోంచి జారిపోతుంది. ఆరేడు వేల రూపాయలకు పెళ్లి వీడియో టైటిల్ చేసిపెట్టాలన్నా, ఊళ్లోని దుకాణానికి చిన్న ప్రకటన తీయాలన్నా మళ్లీ క్రాక్ దారే.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఈ ముడిని మొదట్లోనే విప్పేస్తుంది. వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూడవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చు. బడి కోణంలో చూస్తే ఆఖరిది అన్నిటికంటే గొప్పది. నలభై మంది పిల్లలకు నలభై కాపీలు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చినా ఆ టీచరు చేసింది తప్పు కాదు. ఇంటర్నెట్ లేని ఊళ్లో ఇంటికి పట్టుకెళ్లినా పనిచేస్తుంది. పదో తరగతి అయ్యాకా పనిచేస్తుంది, పెళ్లయ్యాకా పనిచేస్తుంది.

జనం కొని విడిపించిన సాఫ్ట్‌వేర్

ఈ పనిముట్లలో పెద్దది బ్లెండర్. దాని కథ పిల్లలకు చెప్పితీరాలి. నెదర్లాండ్స్‌లో టాన్ రోసెండాల్ అనే ఆయన తన స్టూడియో అవసరాల కోసం 1994లో దీన్ని మొదలుపెట్టాడు. తర్వాత దీని మీదే ఒక కంపెనీ పెట్టాడు. పెట్టుబడిదారులు వచ్చారు, లాభాలు రాలేదు, 2002లో కంపెనీ మూతపడింది. సాఫ్ట్‌వేర్ కూడా అప్పులవాళ్ల చేతుల్లో చిక్కుకుపోయింది. లక్ష యూరోలు కడితే సోర్స్ కోడ్ విడిచిపెడతామన్నారు. రోసెండాల్ వాడకందార్లనే చందాలడిగాడు. ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగయ్యాయి. 2002 అక్టోబరు 13న బ్లెండర్ అందరిదీ అయింది. ఇవాళ ఒక మారుమూల బడిలో పిల్లవాడు దాన్ని తెరుస్తున్నాడంటే, ముక్కూ మొహం తెలియని వేలమంది ఆనాడు తలా కాస్త వేసి కొనిపెట్టినదాన్ని తెరుస్తున్నాడన్నమాట.

ఆ తర్వాత బ్లెండర్ బృందం చేసిన మంచి పని, సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి సొంతంగా చిన్న సినిమాలు తీయడం. 2006లో ‘ఎలిఫెంట్స్ డ్రీమ్’, 2008లో ‘బిగ్ బక్ బన్నీ’, 2010లో ‘సింటెల్’. అలా ఇప్పటికీ తీస్తూనే ఉన్నారు. సినిమాతోపాటు అందులోని పాత్రలు, సెట్లు, ఫైళ్లు అన్నీ ఇచ్చేశారు. పేరు చెప్పుకొని ఎవరైనా వాడుకోవచ్చు. బన్నీ అనే ఆ లావుపాటి కుందేలు నవ్వితే బుగ్గలు ఎలా కదులుతున్నాయో, చెవులకు ఎన్ని ఎముకలు పెట్టారో ఫైలు తెరిచి చూడవచ్చు. మనకిష్టమైన సినిమాను విప్పి చూసే అవకాశం వెనకటి తరం విద్యార్థులకు ఏ డబ్బు పెట్టినా దొరకలేదు. ఇన్ని పాఠ్యపుస్తకాలు ఉచితంగా పడి ఉంటే తెరిచేవాళ్లు లేకపోవడం ఎంత నష్టం!

ఇక మొదట్లో చెప్పిన ఆస్కార్ సినిమా సంగతి. లాట్వియా జనాభా ఇరవై లక్షలకు లోపే. ఆ దేశపు కుర్ర దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ అంతకుముందు ‘అవే’ అనే పూర్తి నిడివి సినిమాను ఒక్కడే కూర్చుని తీశాడు. రెండోదానికి చిన్న బృందాన్ని కూడగట్టి, బ్లెండర్ నేర్చుకుని ‘ఫ్లో’ తీశాడు. వరదలో కొట్టుకుపోతున్న పిల్లి, పడవలో దానికి తోడైన నాలుగైదు జంతువులు. మాటల్లేవు. ఖర్చు సుమారు 35 లక్షల యూరోలు. 2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకుంది, లాట్వియాకు అదే మొదటి ఆస్కార్. ఆ ఏడాది పోటీలో పిక్సార్ వారి ‘ఇన్‌సైడ్ అవుట్ 2’ ఉంది, ‘ది వైల్డ్ రోబో’ ఉంది. ‘ఫ్లో’ చూసినవాళ్లు ఒకటి గమనించే ఉంటారు. పిల్లి ఒంటి మీద వెంట్రుక వెంట్రుకా కనబడదు, రంగు పూసినట్టుంటుంది. నడక, దూకుడు, బెదురు మాత్రం అచ్చం పిల్లివే. డబ్బు లేనిచోట కదలిక మీద మనసు పెట్టారు. మన విద్యార్థులు నేర్చుకోవలసింది ఇదే అని నా నమ్మకం.

జపాన్‌లో ‘ప్రిన్సెస్ మొనొనొకె’ నాటి నుంచి ఘిబ్లీ స్టూడియో వాడిన టూన్జ్ అనే టూడీ సాఫ్ట్‌వేర్ కూడా 2016లో ఓపెన్‌టూన్జ్ పేరుతో ఉచితమైంది. ‘ఇవాంజెలియన్’ తీసిన ఖారా స్టూడియో బ్లెండర్ వైపు మళ్లుతున్నట్టు 2019లో ప్రకటించింది. ఉచితం అంటే చవకబారుది అనే అనుమానం ఇంకా ఉన్నవాళ్లకు ఈ రెండూ చాలు.

కేరళ ఏం చేసింది?

కేరళ 2001లో ఐటీ ఎట్ స్కూల్ అనే పథకం మొదలుపెట్టింది. అన్ని సర్కారు బడులకూ ఒకే సాఫ్ట్‌వేర్ సంచయం, అదీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని గట్టిగా నిలబడింది. పదో తరగతి పరీక్షలో ఐటీ ప్రాక్టికల్ కూడా లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీదే పెట్టింది. 2017లో ఆ పథకమే కైట్ అనే సంస్థగా మారింది. 2018 జనవరిలో ‘లిటిల్ కైట్స్’ క్లబ్బులు వచ్చాయి. ఎనిమిదో తరగతిలో ఒక అభిరుచి పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకుంటారు. ఒక్కో బడిలో ఇద్దరు టీచర్లు బాధ్యత తీసుకుంటారు. రెండు వేలకు పైగా హైస్కూళ్లలో ఈ క్లబ్బులున్నాయి. యానిమేషన్ వాళ్ల పాఠాల్లో ముఖ్యమైన భాగం. ఓపెన్‌టూన్జ్‌తో టూడీ, బ్లెండర్‌తో త్రీడీ. సెలవుల్లో క్యాంపులు. మలయాళంలో కథలు, మలయాళంలో టైటిళ్లు.

2019లో రెండు లక్షలకు పైగా బడి కంప్యూటర్లలో కొత్త లైనక్స్ వేసినప్పుడు మూడు వేల కోట్ల రూపాయలు ఆదా అయ్యాయని కైట్ లెక్క చెప్పింది. లెక్క ఎలా వేశారన్నది పక్కన పెడదాం. నన్ను ఆకట్టుకున్నది డబ్బు మిగలడం కాదు, వరస తప్పకపోవడం. ముఖ్యమంత్రులు మారారు, ప్రభుత్వాలు మారాయి, పథకం ఆగలేదు. టీచర్లకు శిక్షణ ఏటా జరిగింది. ఒక బ్యాచ్ పిల్లలు తర్వాతి బ్యాచ్‌కు చెప్పారు. సాఫ్ట్‌వేర్‌కు చందా కట్టే పని లేదు కాబట్టి బడ్జెట్ కోత పడినా పాఠం ఆగలేదు. కొన్నదానికి గడువుంటుంది, ఇక్కడ గడువన్నదే లేదు.

మన రెండు రాష్ట్రాల్లోనూ బడులకు కంప్యూటర్లు వచ్చాయి, ట్యాబులు వచ్చాయి, డిజిటల్ తెరలు వచ్చాయి. వాటిమీద పిల్లలు పాఠాల వీడియోలు చూస్తున్నారు. చూడటం వరకే. ఒక్క నిమిషం వీడియో అయినా తామే చేసే పాఠం ఎక్కడో తప్ప లేదు. ‘ఛోటా భీమ్’ను దేశం మొత్తానికి పంపిన హైదరాబాద్, ‘ఈగ’కు, ‘బాహుబలి’కి గ్రాఫిక్స్ చేసిన హైదరాబాద్ మన దగ్గరే ఉంది. ఆ స్టూడియోలకూ సర్కారు హైస్కూలుకూ మధ్య దారి మాత్రం పడలేదు.

తోలుబొమ్మ కీలు, తెర మీద కీలు

శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మను దగ్గరగా చూస్తే తల వేరు, మొండెం వేరు, భుజం దగ్గర ఒక ముక్క, మోచేతి దగ్గర ఇంకో ముక్క. కీలు కీలుకూ దారంతో ముడి. ముడి బిగిస్తే చెయ్యి ఆడదు, వదులైతే వేలాడిపోతుంది. కంప్యూటర్లో కటౌట్ యానిమేషన్‌కు బొమ్మను సిద్ధం చేయడం, అంటే రిగ్గింగ్, సరిగ్గా ఈ పనే. ముక్కలు విడదీయాలి, ప్రతి ముక్కా ఎక్కడ తిరగాలో అక్కడ కీలు గుర్తించాలి, ఏ ముక్క దేనికి కట్టుబడి ఉందో చెప్పాలి. మోచెయ్యి తిప్పితే అరచెయ్యి దాంతో రావాలి, భుజం రాకూడదు. హనుమంతుడి తోలుబొమ్మ ఫొటోను బొమ్మలు వేసే క్రిటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ముక్కలుగా కోసి, సిన్‌ఫిగ్ అనే టూడీ సాఫ్ట్‌వేర్‌లో గానీ ఓపెన్‌టూన్జ్‌లో గానీ కీళ్లు పెట్టి ఆడించడం హైస్కూలు పిల్లలకు రెండు మూడు వారాల పని. ఆ ఊరి కళాకారుల్ని ఒక పూట బడికి పిలిచి, గౌరవంగా పారితోషికం ఇచ్చి, కీలు ఎలా కడతారో చూపించమంటే అంతకుమించిన రిగ్గింగ్ మాస్టారు ఎవరుంటారు?

భాష దగ్గర ఒక చిక్కుంది, పనిచేసేవాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాను. బ్లెండర్‌లో నేరుగా తెలుగు టైప్ చేస్తే వత్తులు, గుణింతాలు చెదిరిపోతుంటాయి. పిల్లలు ఇక్కడే నీరసపడి టైటిల్ ఇంగ్లిష్‌లో పెట్టేస్తారు. అక్కర్లేదు. ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు సరిగ్గా పడుతుంది. అక్కడ టైటిల్ రాసి, అక్షరాలను పాత్‌గా మార్చి, ఎస్‌వీజీ ఫైలుగా బ్లెండర్‌లోకి తెచ్చుకోవాలి. ఆపైన దానికి మందం ఇవ్వండి, బంగారు రంగు పూయండి, గాల్లో తిప్పండి. అందమైన తెలుగు ఫాంట్లకు కూడా ఇప్పుడు కొదవ లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన పొన్నాల, రామభద్ర వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు పూనుకున్న పని పల్లెటూరి పిల్లల టైటిల్ కార్డు దాకా చేరడం నాకెంతో సంతోషం కలిగించే సంగతి.

గొంతు విషయంలోనూ అంతే. గొంతు రికార్డు చేసే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, అమ్మమ్మ చెప్పిన కథను పిల్లలు తమ యాసలోనే చెప్పాలి. కరీంనగర్ పిల్ల కరీంనగర్ మాటలోనే, శ్రీకాకుళం పిల్లవాడు శ్రీకాకుళం మాటలోనే. టీవీ కార్టూన్ల డబ్బింగ్ తెలుగును అనుకరించనివ్వకూడదు.

మొదలెట్టేదెలా?

బడిలో ఉన్న కంప్యూటర్లు పాతవైతే బ్లెండర్‌తో మొదలుపెట్టకండి. కొత్త వెర్షన్లకు కనీసం 8 జీబీ ర్యామ్, ఓ మాదిరి గ్రాఫిక్స్ కావాలి. పెన్సిల్ టూడీ అనే చిన్న సాఫ్ట్‌వేర్ పాత మిషన్ల మీద కూడా నడుస్తుంది. తెల్ల కాగితం, కాల పట్టిక, ముందు బొమ్మ లీలగా కనిపించే ఆనియన్ స్కిన్. అంతే. మొదటి రెండు నెలలకు అదే ఎక్కువ. బొమ్మలు బాగా వేసే పిల్లలకు క్రిటా ఇవ్వండి. 2016 నుంచి అందులో యానిమేషన్ కూడా ఉంది. పెన్ ట్యాబ్లెట్ బడికి ఒకటి రెండు ఉంటే మంచిది, కొన్ని వేల రూపాయలకే దొరుకుతుంది. మౌస్‌తో మొదలైనా నష్టం లేదు.

బ్లెండర్ దగ్గరకు వచ్చినప్పుడు మళ్లీ బంతే చేయించాలి. బంతి ఎక్కడ ఉండాలో గుర్తుపెట్టే కీఫ్రేములు, అంటే పైన ఒక కీ, నేల మీద ఒక కీ పెడితే మధ్య ఫ్రేములన్నీ కంప్యూటరే నింపేస్తుంది. పిల్లలు ఆనందపడతారు. కాస్త జాగ్రత్తగా చూడమనాలి. బ్లెండర్ తనంతట తాను గీసే గ్రాఫు రెండు చివరలా మెత్తబడుతుంది. అందువల్ల బంతి నేలకు చేరువయ్యేకొద్దీ వేగం పుంజుకోవలసింది పోయి నెమ్మదిస్తుంది. గ్రాఫ్ ఎడిటర్ తెరిచి, నేలను తాకే కీ దగ్గర హ్యాండిళ్లను వెక్టర్‌గా మార్చితే గీత అక్కడ పదునుగా విరుగుతుంది. బంతి విసురుగా వచ్చి తాకుతుంది, విసురుగా లేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఎంత తెలివైనదైనా బంతి ఎలా పడుతుందో దానికి తెలియదు, చెప్పవలసింది మనమే అని పిల్లలు ఆ రోజు గ్రహిస్తారు. మాటల్లో అడిగితే బొమ్మ చేసిపెట్టే కృత్రిమ మేధ వచ్చిన ఈ కాలంలో ఆ గ్రహింపు ఇంకా అవసరం. ఏది తప్పో కళ్లకు తెలియనివాడు దాని చేత ఒప్పు చేయించలేడు.

డిస్నీ స్టూడియోలో ఏళ్ల తరబడి పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ అనే ఇద్దరు 1981లో వెలువరించిన ‘ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్’లో 12 సూత్రాలు చెప్పారు. ఈ బంతిలోనే వాటిలో సగం దాకా వచ్చేస్తాయి. బంతి తర్వాత పిండి సంచి, ఆ తర్వాత నడక. ముఖాలు, జుట్టు, వెలుగునీడలు చివర్లో. తొందరపడి మొదటి వారమే డ్రాగన్ చేయిస్తే రెండో వారానికి క్లాసు ఖాళీ అవుతుంది.

టీచర్లకు ఎవరు నేర్పుతారన్నది న్యాయమైన ప్రశ్న. ఐఐటీ బొంబాయివారి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో బ్లెండర్, సిన్‌ఫిగ్, ఇంక్‌స్కేప్ మీద పాఠాలున్నాయి. ఒక్కోటి పది నిమిషాల ప్రాంతం. వింటూ పక్కనే చేసుకుంటూ పోయేలా తయారుచేశారు. ప్రాజెక్టు పాఠాలు తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లోకి వస్తున్నాయి. కొన్ని పాత వెర్షన్లవి, బటన్లు చోటు మారి ఉంటాయి, సూత్రాలు మారలేదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ చాలా ఏళ్లుగా తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడుపుతోంది, పిల్లల కోసం బాల స్వేచ్ఛ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తెచ్చింది. డ్రాయింగ్ మాస్టారు, ఫిజిక్స్ టీచరు, తెలుగు పండితులు ముగ్గురూ కలిసి వారానికి ఒక గంట కూర్చుంటే చాలా బడుల్లో ఇది నడిచిపోతుంది. కంప్యూటర్ టీచరు ఒక్కరి నెత్తిన పెట్టడమే మనం చేస్తున్న పొరపాటు.

ఉద్యోగాల మాట దాటవేయను. పెద్ద స్టూడియోల్లో ఇప్పటికీ మాయా అడుగుతారు. బ్లెండర్‌లో నడక చక్కగా చేయగల కుర్రవాడికి మాయా బటన్లు నేర్పడానికి కొన్ని వారాలు చాలు. మాయా బటన్లన్నీ తెలిసి నడక చేయలేనివాడికి నడక నేర్పడానికి ఏళ్లు పడుతుంది. స్టూడియోలవాళ్లు చూసేది సర్టిఫికెట్ కాదు, షోరీల్, అంటే చేసిన పనులు చూపే చిన్న వీడియో. కేంద్రం కూడా ఈ రంగానికి 2022లో టాస్క్‌ఫోర్స్ వేసి, ముంబైలో ఒక జాతీయ సంస్థను నెలకొల్పింది. ఆ సంస్థ గడప తొక్కే స్థాయికి మన పిల్లలు రావాలంటే పునాది ఎనిమిదో తరగతిలోనే పడాలి.

ఊరి బడికి కంప్యూటర్లు విరాళమిచ్చే పూర్వ విద్యార్థులకు, విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఒక మనవి. ఇచ్చేటప్పుడు ఈ సాఫ్ట్‌వేర్లు వేయించి ఇవ్వండి, వాటిని నేర్పే టీచరుకు ఒక వేసవి శిక్షణ ఖర్చు కూడా మీరే భరించండి. ఊళ్లోనే ఉన్నవారు ఈ నెలలోనే ఒకసారి హైస్కూలు కంప్యూటర్ ల్యాబ్‌కు వెళ్లి చూడండి. తాళం వేసి ఉంటే తీయించమని హెడ్మాస్టరు గారిని అడగండి. పెన్సిల్ టూడీ, క్రిటా, బ్లెండర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మీరే పట్టుకెళ్లండి.